కొలెస్ట్రాల్‌కు ఖనిజాల గోలీ కొనే ముందు: ఇంట్లో ఉన్న డబ్బాలు బయటపెట్టండి

వారానికి ఒక్కరైనా నా షాపుకు వచ్చి ఫోన్ తెరిచి కౌంటర్ మీద పెడతారు. అందులో ఒక వీడియో. మెగ్నీషియం గోలీ వేసుకుంటే రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు కడిగినట్టు పోతుందని ఎవరో గట్టిగా చెబుతుంటారు. ఫోను పక్కనే నాలుగు మడతలు పెట్టిన లిపిడ్ రిపోర్టు, అంటే రక్తంలో కొవ్వుల లెక్క. "ఈ గోలీ ఉందా సార్?" ఉంటుంది. మెగ్నీషియం ఉంది, క్రోమియం ఉంది, జింకు ఉంది, సెలీనియం ఉంది. నల్లగొండలో మందుల షాపు పెట్టి చాలా ఏళ్లయింది. ఆ డబ్బాల మీద నాకు మిగిలేది కొలెస్ట్రాల్ మందు మీద మిగిలే దానికంటే ఎక్కువే. అయినా ఆ బేరం వద్దనే చెబుతున్నాను.

కొలెస్ట్రాల్ తగ్గడానికని కొనాల్సిన ఖనిజం ఒక్కటీ లేదు. అయితే ఇప్పటికే మీ ఇంట్లో ఉన్న ఖనిజాల గోలీలు కొన్ని మీ రిపోర్టును పాడుచేయగలవు, వేసుకుంటున్న అసలు మందును పనిచేయకుండా చేయగలవు. అందుకే కొత్త డబ్బా సంగతి తర్వాత, ముందు పాత డబ్బాల లెక్క తేల్చాలి. ఆ లెక్క ఎలా తేల్చుకోవాలో వరుసగా రాస్తున్నాను.

ఖనిజం మోతాదు దాటితే ఏమవుతుందో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు, బిగిసిన మోకాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫరవాలేదు, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చు అంటుంది మన దేశ ప్రమాణం. ఆ పైన ఏళ్ల తరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ చేటు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. అలాంటి ఊళ్లో పుట్టి కూడా "ఖనిజమే కదా, ఎక్కువైతే ఏమవుద్ది" అని అడుగుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొదటి పని: రిపోర్టు చదవండి

రిపోర్టులో పైన ఉండే టోటల్ కొలెస్ట్రాల్ ఒక్కటే చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అది 200 లోపు ఉంటే మంచిదే, కానీ అసలు చూడాల్సింది ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. 100 లోపు ఉంటే బాగున్నట్టు. 130 దాటితే జాగ్రత్త మొదలుపెట్టాలి, 160 దాటితే ఎక్కువ. 190 దాటితే ఇక గోలీల వీడియోలు చూస్తూ కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. అంత ఎక్కువ ఉన్నప్పుడు అది వంశపారంపర్యంగా వచ్చి ఉండొచ్చు, ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష చేయించాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఈ అంకెలు వర్తించవు. వాళ్ల ఎల్‌డీఎల్ ఇంకా చాలా కిందికి ఉండాలి, ఎంతకన్నది డాక్టరు చెబుతారు.

హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తగ్గకూడదు. రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 150 లోపు ఉండాలి. ఇవి 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది, ఆలస్యం చేయొద్దు. ఇంకొక సంగతి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేసి లెక్క కడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనికిరాదు, డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగాలి. దావత్‌లో మందు, కల్లు తాగి తెల్లారి రక్తం ఇచ్చినవాళ్ల ట్రైగ్లిజరైడ్లు ఎగిరిపోయి ఉంటాయి. రెండు మూడు రోజులు ముట్టకుండా ఉండి, రాత్రి తిన్నాక 10 నుంచి 12 గంటలు ఆగి ఇవ్వండి. నీళ్లు తాగొచ్చు.

రిపోర్టు తీసుకునేటప్పుడే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. థైరాయిడ్ సరిచేస్తే చాలామందికి ఆ పెరిగిన మేరా తగ్గుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

రెండో పని: చాప పరిచి అన్నీ దాని మీద పోయండి

నిజంగానే చెబుతున్నాను. ఫ్రిజ్ మీద ఉన్నవి, దేవుడి అర కింద ఉన్నవి, బ్యాగులో ఉన్నవి, పిల్లలు హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో తెచ్చిన పెద్ద డబ్బాలు, గ్యాస్ సిరప్, ప్రొటీన్ పొడి, జుట్టు కోసం కొన్న గమ్మీలు. వాడేసిన గోలీల పత్తాలు కూడా పారేయకుండా పెట్టండి. ఆయుర్వేద భస్మాలు ఉంటే అవీ పెట్టండి, భస్మం అంటే ఖనిజమే.

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన ఇట్లాగే ఒకసారి సంచి నిండా తెచ్చి కౌంటర్ మీద గుమ్మరించాడు. రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషి, అంకెలంటే గట్టి. కరోనా వచ్చిన ఏడాది ఎవరో చెప్పారని 50 మిల్లీగ్రాముల జింకు గోలీ మొదలుపెట్టాడు. కరోనా పోయింది, గోలీ పోలేదు. దానికి తోడు ఒక మల్టీవిటమిన్, అందులో ఇంకో 20 మిల్లీగ్రాముల జింకు. షుగర్ వాళ్ల కోసమని అమ్మే పొడిలో కొంత. ఆయన బాధ ఏమిటంటే, వాకింగ్ చేస్తున్నా హెచ్‌డీఎల్ పెరగడం లేదు, ఇంకా తగ్గుతోంది. ఆయన హెచ్‌డీఎల్ తగ్గడానికి జింకే కారణమని నేను ఖచ్చితంగా చెప్పలేను, ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మోతాదులో అది జరగడానికి వీలుంది, కింద రాస్తాను.

మూడో పని: పేరు కాదు, బరువు చదవండి

గోలీ మీద రాసిన పెద్ద అంకె ఒక్కోసారి ఖనిజం బరువు కాదు, ఆ ఖనిజం ఉన్న లవణం బరువు. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. జింక్ సల్ఫేట్ 220 అని ఉంటే జింకు 50 చుట్టుపక్కల. 'ఎలిమెంటల్' అనే మాట పక్కన ఉన్న అంకె వెతకండి, అదే అసలు లెక్క. దొరకకపోతే మీ షాపువాణ్ణి అడగండి, చెప్పలేకపోతే ఆ గోలీ అక్కడే పెట్టి రండి.

ఇప్పుడు ఒక కాగితం మీద ఖనిజం పేరు రాసి, అది ఏయే డబ్బాల్లో ఎంత ఉందో కలపండి. ఈ కూడిక చాలామంది జన్మలో చేసి ఉండరు. ఒక్కో డబ్బా విడిగా చూస్తే తక్కువే అనిపిస్తుంది, మూడు కలిపితే లెక్క దాటిపోతుంది.

డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందంటే అది ఆహారం కింద అమ్ముతున్న సరుకు, మందు కాదు. 'వైద్య అవసరాలకు కాదు' అని ఇంగ్లిషులో చిన్న అక్షరాల్లో వాళ్లే రాస్తారు. రాయాలని చట్టం ఉంది కాబట్టి రాస్తారు. వీడియోలో పెద్ద గొంతుతో చెప్పేది, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండేది పక్కపక్కన పెట్టుకుని చదవండి.

నాలుగో పని: ఏ ఖనిజం ఏం చేస్తుందో చూసి ఉంచాలా, తీసేయాలా తేల్చండి

మెగ్నీషియంతో మొదలుపెడదాం, ఎక్కువమంది అడిగేది అదే. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమును మెగ్నీషియం అదుపులో పెడుతుంది, కాబట్టి ఇది సహజమైన స్టాటిన్ (డాక్టర్లు రాసే కొలెస్ట్రాల్ మందు) అన్నది వీడియోల వాదన. కాగితం మీద అందంగానే ఉంది. మనుషులకు ఇచ్చి చూస్తే, ఒక ప్రయోగంలో కొంచెం తగ్గింది, ఇంకోదాంట్లో తగ్గలేదు. అన్నీ కలిపి చూస్తే ఎల్‌డీఎల్ మీద చెప్పుకోదగ్గ పని కనిపించలేదు. బీపీని మాత్రం ఒకటి రెండు పాయింట్లు దించుతుంది. మరి ఎవరికి అవసరం? గ్యాస్ గోలీ, అంటే పాంటోప్రజోల్ లాంటిది, ఏళ్ల తరబడి రోజూ వేసుకునేవాళ్లకు రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చు. మూత్రం ఎక్కువ పోయే బీపీ మందులు వాడేవాళ్లకు కూడా. కండరాలు పట్టేయడం, గుండె దడ ఉంటే డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించండి. లోటు ఉంటే గోలీ లోటు కోసం, కొలెస్ట్రాల్ కోసం కాదు. ఎక్కువైతే ముందు విరేచనాలు పట్టుకుంటాయి.

క్రోమియం సంగతి తొందరగా తేలిపోతుంది. షుగర్, కొవ్వు రెండూ తగ్గిస్తుందని పికోలినేట్ రూపంలో అమ్ముతారు. కొలెస్ట్రాల్ మీద దాని ప్రభావం లేదనే చెప్పుకోవచ్చు. డబ్బులు దండగ.

కాల్షియం కథ వేరు, దీని మీద కాస్త ఆగాలి. పేగులో పైత్యరసంలోని ఆమ్లాలను, కొంత కొవ్వును పట్టుకుని బయటికి పంపిస్తుంది కాబట్టి కాల్షియం నిజంగానే కొలెస్ట్రాల్‌ను కొంచెం తగ్గిస్తుంది. న్యూజిలాండ్‌లో ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకు ఏడాదిపాటు రోజుకు ఒక గ్రాము కాల్షియం ఇచ్చి చూశారు. ఎల్‌డీఎల్ ఆరు శాతం తగ్గింది, హెచ్‌డీఎల్ ఏడు శాతం పెరిగింది. 2002లో ఆ ఫలితం వచ్చినప్పుడు అందరూ సంతోషపడ్డారు. అదే పరిశోధకుల బృందం 1471 మంది ఆడవాళ్లను ఐదేళ్లు గమనించి 2008లో ఇంకో ఫలితం చెప్పింది: కాల్షియం గోలీలు వేసుకున్నవాళ్లలో గుండెపోట్లు తగ్గలేదు, పెరిగినట్టు కనిపించాయి. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. వాదన ఇంకా తెగలేదు. నేను చెప్పేది ఇంతే: రిపోర్టులో అంకె అందంగా మారినంత మాత్రాన గుండెకు మేలు జరిగినట్టు కాదు. స్టాటిన్లు అంకెను తగ్గించి ప్రాణాలను కూడా కాపాడాయని పెద్ద ప్రయోగాలు చూపించాయి. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4444 మంది గుండెజబ్బు రోగుల మీద చేసిన ప్రయోగంలో మరణాలు 30 శాతం తగ్గాయి. అలాంటి రుజువు ఏ ఖనిజానికీ లేదు.

అయితే ఇది చదివి మీ అమ్మ వేసుకుంటున్న కాల్షియం ఆపేయకండి. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో, ఎముకలు గుల్లబారినవాళ్లకు, గర్భిణులకు డాక్టర్లు రాసే కాల్షియం వేరే అవసరానికి రాసింది. అది కొనసాగాల్సిందే. రోజుకు అన్నీ కలిపి వెయ్యి మిల్లీగ్రాములు కావాలంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. అందులో తిండి నుంచి వచ్చేది పోగా మిగిలినదే గోలీ నింపాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు సొంతంగా కాల్షియం గోలీలు మొదలుపెట్టొద్దు.

జింకు గురించి పెద్దాయన కథలో చెప్పాను. 1980లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్లకు రోజూ 440 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ ఐదు వారాలు ఇచ్చారు. వాళ్ల హెచ్‌డీఎల్ నాలుగో వంతు పడిపోయింది. అది చాలా పెద్ద మోతాదు, నిజమే. కానీ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటొద్దన్న హద్దు ఊరికే పెట్టలేదు. ఎక్కువ జింకు పేగులో రాగిని ఒంటికి పట్టనీయదు. రాగి లోటైతే రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. ఆ తిమ్మిర్లను షుగర్ తిమ్మిర్లనుకుని ఇంకో గోలీ కొంటారు. విరేచనాలకు పిల్లలకు 14 రోజులు ఇచ్చే జింకు వేరు, అది సరైన వాడకమే. నాలుగేళ్లుగా ఆపడం మర్చిపోయిన జింకును మాత్రం డాక్టరుకు చెప్పి ఈ రోజే పక్కన పెట్టండి.

సెలీనియానికి కూడా కాస్త మంచి మాట ఉంది. బ్రిటన్‌లో రోజుకు 100, 200 మైక్రోగ్రాములు ఇచ్చి చూసినప్పుడు టోటల్ కొలెస్ట్రాల్ కొంచెం తగ్గింది. కొంచెమే. అమెరికాలో ఏళ్ల తరబడి రోజూ 200 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లలో షుగర్ ఎక్కువమందికి వచ్చింది. ఇంటికొక షుగర్ మనిషి ఉన్న మన దిక్కు ఈ బేరం ఎవరికి లాభం? ఇంకో విచిత్రం, సెలీనియం ఎక్కువైతే జుట్టు ఊడుతుంది. జుట్టు కోసం వేసుకునే గమ్మీలో సెలీనియం ఉందేమో చూసుకోండి. ఆ గమ్మీల్లోనే బయోటిన్ ఉంటుంది. అది ఖనిజం కాదు, విటమిన్, కానీ థైరాయిడ్ పరీక్ష అంకెలను తప్పుగా చూపించగలదు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి.

ఐరన్‌కు కొలెస్ట్రాల్‌తో పనిలేదు. రక్తం తక్కువున్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు వేసుకోవాలి, మిగతావాళ్లకు అక్కర్లేదు. గర్భిణులకు ఇంకో మాట: కడుపుతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది, ఆ రిపోర్టు చూసి భయపడి కొలెస్ట్రాల్ కోసమని సొంతంగా ఏదీ వేసుకోవద్దు.

ఐదో పని: గోడ గడియారం చూసి టైము రాసుకోండి

నా కౌంటర్ దగ్గర ఎక్కువ తప్పులు కనిపించేది ఇక్కడే. వేసుకునే గోలీలు సరైనవే, అన్నీ ఒకేసారి గుప్పిట్లో పోసుకుని మింగడమే తప్పు.

థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకుంటారు. అరగంట ఆగి టిఫిన్, దాంతోపాటే కాల్షియం, ఐరన్. కాల్షియం, ఐరన్, గ్యాస్ సిరప్‌లోని అల్యూమినియం, ఇవన్నీ థైరాయిడ్ మందును పేగులోనే పట్టేస్తాయి, రక్తంలోకి పోనీయవు. ఫలితంగా టీఎస్‌హెచ్ పెరుగుతుంది, అంటే థైరాయిడ్ తక్కువైనట్టు, దాని వెనకే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అప్పుడు కొలెస్ట్రాల్ గోలీ మొదలుపెడతారు. అవసరమే లేని గోలీ అది. థైరాయిడ్ గోలీకి, కాల్షియం లేదా ఐరన్‌కు మధ్య నాలుగు గంటలు ఉండాలి. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అక్క ఇట్లాగే రెండేళ్లు థైరాయిడ్ మోతాదు పెంచుకుంటూ పోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం వేసుకోమని నేను చెప్పాను, పరీక్షలు మళ్లీ చేయించి మోతాదు సంగతి డాక్టరు చూసుకున్నారు. నేను చేసింది గడియారం మార్చడమే.

రోజువాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకునేవాళ్లు గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్ గురించి తెలుసుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న సిరప్ అదే సమయంలో తాగితే రక్తంలోకి వెళ్లే రోజువాస్టాటిన్ దాదాపు సగమవుతుంది. గోలీ వేసుకున్నాక రెండు గంటలు ఆగి సిరప్ తాగండి. రాత్రి భోజనం కాగానే సిరప్ తాగే అలవాటు ఉంటే రోజువాస్టాటిన్‌ను పొద్దునకు మార్చుకోవచ్చు, అది ఏ వేళ వేసుకున్నా పనిచేస్తుంది. అటోర్వాస్టాటిన్‌కు ఈ బాధ తక్కువ, సిరప్‌తో కలిసినా ఎల్‌డీఎల్ తగ్గడంలో తేడా రాలేదు.

ఐరన్, కాల్షియం ఒకదానికొకటి పడవు, విడివిడిగా వేసుకోండి. ఐరన్ చాయ్‌తో వద్దు, నిమ్మకాయ నీళ్లతో మంచిది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ రాసినన్ని రోజులు ఖనిజాల గోలీలు దగ్గరికి రానీయొద్దు, యాంటీబయాటిక్ పనిచేయదు.

అన్నీ ఉన్న మనిషికి నేను రాసిచ్చే చీటీ ఇట్లా ఉంటుంది: పొద్దున ఐదున్నరకు థైరాయిడ్, ఆరున్నరకు చాయ్, ఎనిమిదింటికి రొట్టెనో ఇడ్లీనో, మధ్యాహ్నం అన్నంతో కాల్షియం, సాయంత్రం ఐదింటికి ఐరన్, రాత్రి పడుకునే ముందు స్టాటిన్. మీ పనివేళలను బట్టి జరుపుకోండి, మధ్య ఖాళీలు మాత్రం తగ్గించకండి.

ఆరో పని: కిడ్నీ సంగతి ముందే అడగండి

ఒళ్లునొప్పుల గోలీలు ఏళ్లుగా వాడినవాళ్లు, షుగర్ పాతబడినవాళ్లు, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు ఏ ఖనిజమైనా మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ బలహీనమైతే మెగ్నీషియం, పొటాషియం బయటికి పోక రక్తంలో నిలిచిపోతాయి, గుండె లయ తప్పుతుంది. 'సోడియం తక్కువ ఉప్పు' అని అమ్మేదాంట్లో సోడియం బదులు పొటాషియం వేస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు దాన్ని డాక్టరును అడక్కుండా వాడొద్దు.

మినరల్ వాటర్ డబ్బా తెప్పించుకుంటున్నాం కదా, అందులో ఖనిజాలు వస్తాయి కదా అని అడుగుతారు. పేరుకే మినరల్. మన వీధి ప్లాంటులో ఆర్‌వో మిషన్ ఫ్లోరైడ్‌తోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. ఫ్లోరైడ్ పోవడం మంచిదే. మిగతావి తిండిలోంచి తెచ్చుకోవచ్చు.

ఏడో పని: గోలీకి పెట్టే డబ్బులు సంతలో పెట్టండి

పాలమూరు పల్లీలు ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు, తింటే 50 మిల్లీగ్రాముల మెగ్నీషియం వస్తుంది. దానికి తోడు ఎల్‌డీఎల్‌ను కొంచెం దించే మంచి కొవ్వు, పీచు కూడా వస్తాయి. వేయించినవి, ఉడకబెట్టినవి ఏవైనా సరే, ఉప్పు తగ్గించి. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అన్నం బదులు ఒక పూట జొన్నరొట్టె, పప్పు, పుంటికూరో తోటకూరో. ఉలవచారు ఒట్టి చారుగా తాగితే లాభం తక్కువ, గుగ్గిళ్లు తినండి. ఇవేవీ కొత్త సంగతులు కావు, మా నాయనమ్మ తిండి.

ఖనిజాలన్నింటికంటే ఎల్‌డీఎల్ మీద ఎక్కువ పనిచేసేది నా షాపులో మలబద్ధకం గోలీల పక్కన ఉంటుంది: ఇసబ్గోల్ పొట్టు. రోజుకు పది గ్రాముల దాకా, రెండు పూటలుగా, పెద్ద గ్లాసెడు నీళ్లతో తీసుకుంటే ఎల్‌డీఎల్ సుమారు ఏడు శాతం తగ్గుతుంది. నీళ్లు తక్కువైతే గొంతులో, పేగులో అడ్డం పడుతుంది, జాగ్రత్త. మిగతా మందులకు రెండు గంటల దూరం పెట్టండి.

నూనె కూడా చూడండి. పామాయిల్‌లో దాదాపు సగం గడ్డకట్టే కొవ్వే. పల్లీనూనెలో అది ఐదో వంతు, కుసుమ నూనెలో పదో వంతు. ఇంట్లో మంచి నూనె వాడి రోజూ సాయంత్రం బండి దగ్గర మిర్చీలు తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు కల్లు, మందు, చక్కెర, తెల్ల అన్నం తగ్గించడమే అన్నింటికంటే పెద్ద మందు.

ఇంతా చేసి, ఎల్‌డీఎల్ ఇంకా ఎక్కువుంటే డాక్టరు స్టాటిన్ రాస్తే భయపడకండి. అమెరికాలో 190 మంది మీద పెట్టిన ఒక పోటీ ఫలితం 2022లో వచ్చింది. ఒక గుంపుకు 5 మిల్లీగ్రాముల రోజువాస్టాటిన్, మిగతా గుంపులకు చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్, ఇంకో గుంపుకు మందేమీ లేని ఉత్త గోలీ ఇచ్చారు. నాలుగు వారాల్లో స్టాటిన్ గుంపులో ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఏదీ ఉత్త గోలీ కంటే చెప్పుకోదగ్గంతగా ఎల్‌డీఎల్‌ను తగ్గించలేదు. జనఔషధి దుకాణంలో స్టాటిన్ చవకగానే దొరుకుతుంది. కండరాలు విపరీతంగా నొప్పి పుట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా డాక్టరుకు చెప్పాలి. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ముందే చెప్పాలి.

ఎనిమిదో పని: ఒక్కటి మార్చి, మూడు నెలలు ఆగి, మళ్లీ కొలవండి

ఒకే రోజు తిండి మార్చి, వాకింగ్ మొదలుపెట్టి, మెగ్నీషియం డబ్బా కొని, మూడు నెలల తర్వాత ఎల్‌డీఎల్ తగ్గితే ఆ ఘనత ఎవరిది? గోలీదే అంటారు, ఎందుకంటే దానికే డబ్బులు పెట్టారు. అందుకే గోలీలు ముందు తగ్గించండి, టైములు సరిచేయండి, తిండి మార్చండి. థైరాయిడ్ గోలీ టైము మారిస్తే టీఎస్‌హెచ్ ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూడాలి. లిపిడ్ పరీక్ష 8 నుంచి 12 వారాల తర్వాత, అదే ల్యాబులో, అంతే సేపు పరగడుపున ఉండి చేయించండి.

ఏమీ మార్చకపోయినా కొలెస్ట్రాల్ అంకె ఈ వారానికి, వచ్చే వారానికి ఐదారు శాతం అటూ ఇటూ ఊగుతుంది. 148 ఉన్న ఎల్‌డీఎల్ 141 అయిందని స్వీట్లు పంచొద్దు, 155 అయిందని నిద్ర మానుకోవద్దు. పీహెచ్‌సీలో గానీ బస్తీ దవాఖానాలో గానీ పరీక్షకు రక్తం తీసుకుంటారేమో ముందు అడగండి, ప్రైవేటు ల్యాబుకు వెళ్లే ఖర్చు తప్పొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులు, మీరు కూడిక వేసిన కాగితం, గడియారం చీటీ మూడూ పట్టుకెళ్లండి. "ఏమన్నా మందులు వాడుతున్నారా" అని అడిగితే "ఏం లేవు సార్, ఉత్త విటమిన్లే" అనకండి, కాగితం ఇవ్వండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం లాంటివి వస్తే మాత్రం ఈ కాగితాలన్నీ ఇంట్లోనే వదిలేసి 108కి ఫోన్ చేయండి.

రైస్ మిల్లు పెద్దాయన జింకు ఆపి నాలుగు నెలలైంది. మొన్న రిపోర్టు తెచ్చాడు. హెచ్‌డీఎల్ 34 నుంచి 38కి వచ్చింది. జింకు మానినందుకా, ఆ మధ్య మిర్చీ బండి మానినందుకా అని నన్నే అడిగాడు. రెండూ ఒకేసారి మానావు కాకా, ఇప్పుడు ఎట్ల చెప్తాం అన్నాను.